కలలో మనలను తరుమువాడెవడు?

ధ్యానమునకు చదువవలసిన భాగములు: ఆదికాండము 32, 33 అధ్యాయములు, యోబు 7:11–16, 23వ కీర్తన



కిందటి సంవత్సరము వానకాలములో, నాట్లు ముగిసిన తరువాత, ఒకే మాసములో ముగ్గురు మనుష్యులు వేరు వేరు దినములలో మా యింటి అరుగుమీద కూర్చుండి ఇంచుమించు ఒకే సంగతి చెప్పిరి.

మొదట వచ్చినది అరువదియేండ్లకు దగ్గర పడిన ఒక తల్లి. "అయ్యగారూ, నీళ్లు తరుముతున్నాయండి. పరిగెడతాను, కాళ్లు కదలవు. కేకేద్దామంటే గొంతు రాదు" అనెను. రెండవవాడు నలుబదియేండ్ల రైతు. "ఎనకాల ఎవరో వస్తున్నారండి. తిరిగి చూస్తే మొహం ఉండదు" అనెను. మూడవది ఒక ముసలివాని భార్య. ఆమె భర్త, ఎద్దు తరుముచున్నదని నిద్రలో అరచుచు, కాళ్లు విసరుచు, ఒక రాత్రి ఆమె దవడమీద తన్నెను. ఆ వాపు తగ్గకమునుపే ఆమె మాయొద్దకు వచ్చెను.

ముగ్గురి ప్రశ్నయు ఒక్కటే. "దీని భావమేమిటండి? దేవుడేమైనా చెబుతున్నాడా? ఏదన్నా కీడు రాబోతుందా?"

వారి అనుమతి తీసికొనియే, పేర్లును ఊర్లును విడిచి, ఈ సంగతులు వ్రాయుచున్నాము. వీరిలో మొదటి తల్లికి మేమిచ్చిన జవాబు తప్పు జవాబు. మరియొక కాపరియైనను, సంఘపెద్దయైనను, తల్లిదండ్రులైనను ఆ తప్పు చేయకుండవలెనని దీనిని వ్రాయుచున్నాము.

మేము చేసిన తప్పు

ఆ తల్లి కల చెప్పగానే మాకు సామెతల గ్రంథములోని ఒక మాట జ్ఞాపకము వచ్చినది. ఎవడును తరుమకపోయినను దుష్టుడు పారిపోవునని 28వ అధ్యాయము మొదట సొలొమోను చెప్పుచున్నాడు. లేవీయకాండము 26వ అధ్యాయములో, ఆజ్ఞ మీరినవారు రాలిన ఆకు చప్పుడుకే బెదరి పరుగెత్తుదురని కూడ వ్రాయబడియున్నది. ఈ రెండును ఆమెకు చదివి వినిపించి, "అమ్మా, దాచిన పాపమేదైనా ఉన్నదేమో హృదయమును పరీక్షించుకొనుము" అని చెప్పి, ప్రార్థన చేసి పంపితిమి. మంచి సలహా యిచ్చితిమనియే అనుకొంటిమి.

ఆ తరువాత వచ్చిన సంస్కారపు ఆదివారము ఆమె బల్లయొద్దకు రాలేదు. మరుసటి నెలయు రాలేదు. మూడవ నెల ఆమె గుడిలో వెనుకవరుసలో కూర్చుండి, అందరు ముందుకు వచ్చుచుండగా తల వంచుకొని బయటికి వెళ్లిపోయెను. అప్పుడు మా గృహిణి ఆమె యింటికి వెళ్లి, పొయ్యిదగ్గర కూర్చుండి, రెండు గంటలు ఆమె మాటలు వినెను.

ఆ తల్లి పుట్టినిల్లు దివిసీమలో సముద్రమునకు దగ్గర నున్న ఒక చిన్న పల్లె. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన వచ్చిన ఉప్పెన సంగతి మన పెద్దలందరు ఎరుగుదురు. సముద్రపు నీరు సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి పల్లెల మీదికి వచ్చినది. సర్కారు లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది చనిపోయిరి. అప్పటికి ఆమెకు తొమ్మిదేండ్లు. నాలుగేండ్ల తమ్ముని చేయి పట్టుకొని పరుగెత్తినది. నీరు వచ్చి మీదపడినప్పుడు ఆ చేయి జారిపోయినది. ఆమె ఒక తుమ్మచెట్టు కొమ్మకు తగులుకొని బ్రదికినది. తమ్ముడు దొరకలేదు.

మా గృహిణితో ఆమె చివరకు చెప్పిన మాట యిది: "అమ్మగారూ, అయ్యగారు చెప్పిన దాచిన పాపం అదేనండి. చెయ్యి వదిలేశాను."

ఆ సాయంకాలము మా గృహిణి యింటికి వచ్చి ఈ మాట చెప్పినప్పుడు మాకు అన్నము గొంతు దిగలేదు. తొమ్మిదేండ్ల పిల్ల చేతిలోనుండి సముద్రము లాగుకొనిన దానిని, మేము వాక్యము చేతపట్టుకొని పాపమని పేరు పెట్టివచ్చితిమి. మరునాడు వేకువనే వెళ్లి, ఆమె గుమ్మములో నిలువబడి క్షమాపణ అడిగితిమి. "మీకు తెలవదు కదండి" అని ఆమె అనెను. ఆ మాట నిజమే. తెలియనప్పుడు అడుగవలసియుండెను. మేము అడుగకయే చెప్పితిమి.

యోబు స్నేహితులు చేసిన తప్పును ఇదియే. యోబు తన పరుపుమీద పండుకొని నెమ్మది పొందుదునని ఆశించిన రాత్రులలో కలలు తన్ను బెదరించుచున్నవని 7వ అధ్యాయములో మొరపెట్టుకొనుచున్నాడు. ఆ పీడకలలు కన్నవాడు ఎవడు? యథార్థవర్తనుడని దేవుడే సాక్ష్యమిచ్చినవాడు. అయినను అతని స్నేహితులు, నీలో పాపము లేనిదే ఈ శ్రమ రాదని వాదించిరి. ఎలీఫజు మరియొక మెట్టు ఎక్కి, తనకు రాత్రివేళ ఒక దర్శనము కలిగెననియు, ఎముకలు వణకెననియు చెప్పి, ఆ భయమునే తన బోధకు అధికారముగా చూపెను. కడపట దేవుడు ఎవరిమీద కోపించెను? యోబు మీద కాదు, ఎలీఫజు మీదను అతని యిద్దరు స్నేహితుల మీదను.

వారు మంచిపని ఒకటి చేసిరి. మొదట వచ్చినప్పుడు ఏడు దినములు ఏడు రాత్రులు నోరు తెరువక అతనితోకూడ నేలమీద కూర్చుండిరి. అక్కడనే ఆగియుండినయెడల ఎంత మేలు!

కల యెట్లు పుట్టును?

మన పల్లెలలో కలలను గురించి అనేకమైన మాటలు కలవు. పాము తరిమితే శని పట్టుననియు, ఎద్దు తరిమితే చావు దగ్గర ననియు, తెల్లవారుజామున వచ్చిన కల తప్పక ఫలించుననియు చెప్పుకొందురు. స్వప్నఫలముల పుస్తకములు తిరునాళ్లలో అమ్ముదురు. కొందరు దిండు క్రింద కత్తినో ఇనుపముక్కనో పెట్టుకొని పండుకొందురు. మన క్రైస్తవ గృహములలో కత్తి తీసివేసి దాని స్థానములో బైబిలు పెట్టినవారిని మేము చూచితిమి. ప్రియులారా, బైబిలు దిండు క్రింద పెట్టుటకు కాదు, దీపము దగ్గర తెరచి చదువుటకు ఇయ్యబడినది. దానిని ఇనుపముక్కవలె వాడుకొనుట భక్తి కాదు.

కలలను గురించి శాస్త్రజ్ఞులు ఏమి కనుగొనిరో కొంచెము తెలిసికొనుట మనకు మేలు. 1953వ సంవత్సరములో అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయములో యూజీన్ అసెరిన్స్కీ, నథానియేల్ క్లైట్మన్ అను ఇద్దరు, నిద్రించువాని కనుగ్రుడ్లు కొన్ని సమయములలో రెప్పల క్రింద వేగముగా కదలుచుండుట చూచిరి. ఆ సమయములో లేపి అడిగినయెడల చాలామంది కల కనుచుంటిమని చెప్పిరి. ఇట్టి నిద్ర సుమారు గంటన్నరకొకసారి వచ్చును. మొదటి జాములో కొద్ది నిమిషములే ఉండి, తెల్లవారుచున్నకొలది ఎక్కువసేపు ఉండును. తెల్లవారుజాము కలలు అంత స్పష్టముగా జ్ఞాపకముండుటకు ముఖ్యమైన కారణమిదే. ఆ వేళ కలలు ఎక్కువ, మెలకువ దగ్గర. ఫలించుననుటకు అది గురుతు కాదు.

మరియొక సంగతి. ఆ నిద్రలో దేహములోని పెద్ద కండరములు పట్టు వదలి కదలకుండునట్లు సృష్టికర్త ఏర్పాటు చేసియున్నాడు. లేనియెడల కలలో పరుగెత్తువాడు మంచము దిగి పరుగెత్తును. కలలో కాళ్లు బరువెక్కి కదలకుండుటకు ఇది ఒక కారణమై యుండవచ్చునని కొందరు చెప్పుదురు. కనుక కాళ్లు కదలలేదని ఏ దయ్యమో పట్టుకొనెనని తలంచి భయపడవలసిన పనిలేదు.

ఈ కల ఎంతమందికి వచ్చును? 2003వ సంవత్సరములో ప్రచురింపబడిన ఒక పరిశీలనలో కెనడా దేశపు విశ్వవిద్యాలయములలో చదువు 1,181 మంది విద్యార్థులను అడుగగా, వారిలో నూటికి 81 మందికి పైగా ఎప్పుడో ఒకప్పుడు తరుమబడిన కల కంటిమని చెప్పిరి. వారు చెప్పిన కలలన్నిటిలో ఇదియే మొదటి స్థానములో నిలిచినది. సముద్రముల కవతల మన భాష, మన ఊరు, మన ఎద్దు ఎరుగని పడుచువారును రాత్రివేళ పరుగెత్తుచున్నారు. కనుక ఈ కల వచ్చినవాడు తన కొక్కనికే ఏదో శాపము తగిలినదని అనుకొనకూడదు.

ఎందుకు వచ్చుననుదానికి పండితులు పలువిధములుగా చెప్పుదురు. 1900వ సంవత్సరపు తేదీతో వెలువడిన తన గ్రంథములో వియన్నా వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్, కల మనస్సు అడుగున దాగిన కోరికను వేషము మార్చి చూపునని చెప్పెను. 2000వ సంవత్సరములో ఫిన్లాండు దేశస్థుడైన ఆంటీ రెవోన్సువో, అపాయమునుండి తప్పించుకొను విద్యను మనస్సు నిద్రలో అభ్యాసము చేయుచున్నదని చెప్పెను. ఇవి అభిప్రాయములు, అందరును ఒప్పుకొనినవి కావు. అయితే ప్రసంగి 5వ అధ్యాయములో చెప్పబడిన సంగతి మన అనుభవమునకు సరిపోవును: విస్తారమైన పనిపాటులలోనుండి కల పుట్టును. పగలు మనస్సులో కుమ్మినది రాత్రి పొగ లేచును. అప్పు, వ్యాజ్యము, జ్వరము, దుఃఖము, భయము, ఇవన్నియు కలకు కట్టెలే.

మూడు కలలు, మూడు జవాబులు

మొదటి తల్లియొద్ద దెబ్బ తిన్న తరువాత, మిగిలిన ఇద్దరియొద్ద మేము త్వరపడలేదు.

ముసలివాని సంగతి మొదట చెప్పెదము. ఆయనకు దయ్యము పట్టినదని యింటివారు కొందరు నిశ్చయించుకొని, వేపమండలతో కొట్టు ఒకని పిలువబోవుచుండిరి. మేము వద్దని బతిమాలి, పట్టణములోని నరముల వైద్యునియొద్దకు తీసికొనిపోయితిమి. మనము పైన చెప్పిన కండరముల కట్టు కొందరిలో సడలిపోవునట. అప్పుడు కలలో చేసిన పోరాటము మంచముమీద జరుగును. 1986వ సంవత్సరములో కార్లోస్ షెంక్, మార్క్ మహోవాల్డ్ అను అమెరికా వైద్యులు దీనిని మొదట వివరించి వ్రాసిరి. ఏబది యేండ్లు దాటిన పురుషులలో ఇది ఎక్కువగా కనబడును. కొందరిలో ఇది తరువాత రాబోవు వణుకు జబ్బుకు ముందు గురుతై యుండును. కనుక మంత్రగానియొద్దకు కాదు, వైద్యునియొద్దకే పోవలెను. ఇప్పుడాయన నేలమీద పరుపు వేసికొని పండుకొనుచున్నాడు, మందు వేసికొనుచున్నాడు, భార్య వేరు మంచముమీద నెమ్మదిగా నిద్రించుచున్నది. రక్తపోటునకు వాడు కొన్ని మాత్రలవలనను, జ్వరమువలనను, త్రాగుడు ఒక్కసారిగా మానినప్పుడును పీడకలలు వచ్చుట కలదు. దేహమును చేసినవాడు దేవుడే గనుక దేహము చెప్పుమాట వినుట అవిశ్వాసము కాదు.

ఇక రైతు సంగతి. అతనిని మేము కలను గురించి ఏమియు అడుగలేదు. "పగటిపూట ఎవరిని చూచి దారి తప్పించుకొని పోవుచున్నావు?" అని మాత్రము అడిగితిమి. అతడు చాలసేపు తువ్వాలు కొనను చుట్టుచు, విప్పుచు కూర్చుండెను. తరువాత చెప్పెను. ఆరేండ్ల క్రితము అన్నదమ్ములు పొలము పంచుకొనినప్పుడు, ఒక రాత్రి అతడు నడిమి గట్టును రెండు మూరలు అన్నపొలములోనికి జరిపెను. అన్న ఏమియు అనలేదు. ఆనాటినుండి ఇతడు అన్నయింటి వీధిని నడువక చెరువుగట్టు మీదుగా చుట్టు తిరిగి పోవుచున్నాడు. పొరుగువాని సరిహద్దు రాతిని తీసివేయకూడదని ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయములో ఆజ్ఞ యున్నది. అది అతడు ఎరుగును.

అప్పుడు యాకోబు కథ చదువుకొంటిమి. అతడు అన్నను మోసగించి పారిపోయెను. ఇరువది సంవత్సరములు లాబాను యింట గడిపెను. తిరిగి వచ్చుచుండగా ఏశావు నాలుగువందల మందితో ఎదురు వచ్చుచున్నాడని విని మిక్కిలి భయపడెను. మందలను కానుకగా ముందు పంపెను. ఆ రాత్రి ఒంటరిగా మిగిలి పెనుగులాడెను. తొడగూడు వసిలి కుంటుచు సూర్యోదయమున నడిచెను. ఇక పరుగెత్తుటకు కాళ్లు లేవు. అప్పుడు ఏశావే పరుగెత్తి వచ్చెను. ఇరువది యేండ్లు యాకోబు మనస్సును తరిమిన ఆ మనుష్యుడు వచ్చి అతని మెడమీదపడి ముద్దుపెట్టుకొని యేడ్చెను.

ఆ రైతు మూడు దినములు ఆలోచించి, నాలుగవ దినమున అన్నయింటికి పోయెను. ఏశావువలె అన్న కౌగిలించుకొనలేదు. "గట్టు సంగతి నాకు ఆ యేడే తెలుసురా. నువ్వెప్పుడొస్తావా అని చూస్తున్నా" అనెను. లోపల వదినగారు కాఫీ పెట్టుచున్న చప్పుడు వినబడెనట. మరుసటి వారము ఇద్దరును పారలు తీసికొని గట్టు వెనుకకు వేసిరి. కల మానినదా లేదా అని మేము అడుగలేదు. గట్టు మాత్రము తన స్థానమునకు వచ్చినది. దానిని మేము కన్నులార చూచితిమి.

చూడుడి, ఒకే కల. ఒకని విషయములో అది తీర్చని బాకీ. ఒకని విషయములో అది దేహపు వ్యాధి. ఒక తల్లి విషయములో అది మానని గాయము. సామెతల గ్రంథములోని ఆ మాట సత్యమే. అయితే తరుమువాడు లేకయే పారిపోవు ప్రతివాడును దుష్టుడని అది చెప్పుటలేదు. మేము దానిని తిరుగవేసి చదివి తప్పిపోతిమి.

కలలో చేసినది పాపమా?

ఇక్కడ ఒక కష్టమైన ప్రశ్న వచ్చును. "కలలో బిడ్డను వదలి నేనొక్కదాన్నే పరుగెత్తాను. అది నా మనస్సులో లేనిదే వచ్చునా?" అని అడుగువారు కలరు. ఈ ప్రశ్న క్రొత్తది కాదు. అగస్టీను భక్తుడు (354–430) తన 'ఒప్పుకోళ్లు' అను గ్రంథము పదవ భాగములో దీనినే తన్ను తాను అడిగికొనెను. మేల్కొనియున్నప్పుడు తాను ఎదిరింపగల తలంపులు నిద్రలో తన్ను లోబరచుకొనుచున్నవే, నిద్రలో నేను నేను కానా, అని వెతచెందెను. మేల్కొనగానే మనస్సాక్షికి నెమ్మది తిరిగి వచ్చుచున్నది గనుక, అది తాను చేసినది కాదు, తనలో జరిగినది మాత్రమే యని గ్రహించి, దానివిషయమై దుఃఖించుచు, తన్ను సంపూర్ణముగా స్వస్థపరచుమని దేవుని వేడుకొనెను.

చేసినది వేరు, జరిగినది వేరు. ఈ భేదము మన సంఘములలో బాగుగా నేర్పవలెను. గట్టు జరుపుట చేసినది. చేయి జారుట జరిగినది. చేసినదానికి ఒప్పుకోలును, తిరిగి ఇచ్చుటయు కావలెను. జరిగినదానికి ఓదార్పు కావలెను. చేసినవానికి ఓదార్పు మాత్రమే యిచ్చినయెడల అతడు బాగుపడడు. జరిగినవానికి గద్దింపు ఇచ్చినయెడల అతడు చితికిపోవును.

పరుగెత్తుట అన్నివేళల పిరికితనము కాదు

కలలో తరుమువానిని తిరిగి చూడుము, ధైర్యముగా ఎదుర్కొనుము, అని కొందరు సులభముగా చెప్పుదురు. రైతుకు ఆ మాట చెల్లినది. అందరికి చెల్లదు. సౌలు దావీదును తరిమినప్పుడు దావీదు గుహలలో దాగుకొనెను; అది పాపము కాదు. హేరోదు శిశువును చంప వెదకినప్పుడు, లేచి పారిపొమ్మని యోసేపుకు కలలోనే ఆజ్ఞ వచ్చెను. మన ప్రభువు తన తల్లి ఒడిలో ఉండగానే పారిపోయినవారి గుంపులో చేరెను.

కనుక ఏ స్త్రీయైనను, "మా ఆయన కర్రపట్టుకొని తరుముతున్నట్టు కల వచ్చిందండి" అని చెప్పినయెడల, కలను గురించి మాటలాడకుడి. పగటి సంగతి అడుగుడి. ఆ కర్ర నిజమైనదైతే, సహించుము, లోబడుము అని చెప్పి ఆమెను తిరిగి ఆ గుమ్మములోనికి తోయకుడి. 2005వ సంవత్సరములో చేయబడిన గృహహింస నిరోధక చట్టము ఆమెకు రక్షణ యిచ్చుచున్నది. 181 అను నంబరుకు ఫోను చేసి సహాయము అడుగవచ్చును. పూర్వము ఇశ్రాయేలీయులలో, తెలియక ప్రాణము తీసినవాడు ప్రతిహత్య చేయువాని చేతిలో పడకుండునట్లు, దేవుడు ఆరు ఆశ్రయపురములను ఏర్పాటు చేయించెను. యొర్దానుకు ఇవతల మూడు, అవతల మూడు. అక్కడికి పోవు త్రోవను సిద్ధపరచియుంచవలెనని కూడ ఆజ్ఞాపించెను. పరుగెత్తి వచ్చువానికి త్రోవలో ముళ్లు ఉండకూడదు. మన గుడియు, మన పాదిరియింటి అరుగును అట్లే యుండవలెను. మా అరుగు ఒక తల్లికి మూడు నెలలు అట్లు లేకపోయెను.

ఆ తల్లికి ఏమి చేసితిమి?

2001వ సంవత్సరములో అమెరికా దేశములో బారీ క్రాకో అను వైద్యుడును ఆయన తోటివారును ఒక పరిశీలన ప్రచురించిరి. బలాత్కారమునకు గురియై పీడకలలతో నలుగుచున్న 168 మంది స్త్రీలను తీసికొని, వారిలో కొందరికి ఒక పద్ధతి నేర్పిరి. పగటివేళ, మెలకువలో, పీడకలను తీసికొని దాని నడకను తమకు ఇష్టమైనట్లు మార్చుకొనవలెను. మార్చిన కలను ప్రతిదినము కొన్ని నిమిషములు మనస్సులో చూచుకొనవలెను. అట్లు చేసినవారికి పీడకలలు తగ్గినవి, నిద్రయు మెరుగుపడినది.

మా గృహిణి ఆ తల్లితో కూర్చుండి దీనిని చేయించెను. గాయము పెద్దది గనుక ముందు ఆసుపత్రిలోని మనోవైద్యునికి చూపితిమి. 2022వ సంవత్సరమునుండి టెలీ మానస్ అను సర్కారు సేవ కలదు. 14416 నంబరుకు తెలుగులోనే మాటలాడవచ్చును. నిద్రలేని రాత్రులలో అదియు ఆమెకు తోడ్పడినది.

కలను ఎట్లు మార్చుకొందువని అడిగినప్పుడు, తమ్ముని చేయి విడువలేదని ఆమె మార్చుకొనునని మేమనుకొంటిమి. ఆమె అట్లు చేయలేదు. "అది అబద్ధం అవుద్దండి" అనెను. కొంతసేపటికి చెప్పెను: "నీళ్లు వస్తానే ఉంటాయి. తమ్ముడు ముందే గట్టెక్కి ఉంటాడు. అక్కా రా, అని వాడే చెయ్యి చాపుతాడు." ప్రతి సాయంకాలము దీపము పెట్టిన తరువాత ఆమె దీనిని కన్నులు మూసికొని తలంచుకొనును. ఇది కట్టుకథ అని ఎవరైనను అందురేమో. క్రీస్తునందు నిద్రించినవారు మనకంటె ముందు ఒడ్డు చేరిరని నమ్ము మనకు అది కట్టుకథ కాదు.

ఆ కల ఇప్పటికిని పూర్తిగా పోలేదు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు, గాలి వీచు రాత్రులలో, ఆమె దీపము పెట్టుకొని కూర్చుండును. అయితే క్రిస్మసు ముందటి సంస్కారపు ఆదివారము ఆమె లేచి ముందుకు వచ్చి బల్లయొద్ద మోకరించెను. రొట్టె ఇచ్చుచున్న మా చేయి వణకినది.

మన వెనుక వచ్చువారు

వేదాంత పాఠశాలలో మేము హెబ్రీ భాష నేర్చుకొనుచున్న దినములలో, 23వ కీర్తన కడపటి వచనములో ఒక మాట మమ్మును ఆపివేసినది. కృపయు క్షేమమును మన వెంట వచ్చునని మనము కంఠతః చెప్పుదుము. వెనుక మెల్లగా నడచివచ్చు పనికత్తెలవలె వాటిని తలంచుదుము. హెబ్రీలో అక్కడ ఉన్నది 'రాదఫ్' అను మాట. ఫరో రథములతో ఇశ్రాయేలీయులను తరిమెనని నిర్గమకాండములో చెప్పుటకు వాడిన మాట అదియే. సౌలు దావీదును తరిమెననుటకును అదియే. గుహనుండి గుహకు తరుమబడిన దావీదు, తరుముట అనగా ఏమో ఒంటితో ఎరిగిన దావీదు, ఆ మాటనే ఏరుకొని, కృపాక్షేమములు బ్రదుకు దినములన్నియు నన్ను తరుమునని పాడెను.

వెనుక వచ్చువాడెవడో చీకటిలో మనకు కనబడదు. ముఖము కనబడనంతవరకు శత్రువనియే అనుకొందుము. యాకోబు ఏశావును అట్లే అనుకొనెను. మా రైతు తన అన్నను అట్లే అనుకొనెను.

ప్రియులారా, ఈ మాసమందు కుటుంబ ప్రార్థనలో రెండు పనులు చేయుడి. తరుమబడిన కల మీకే వచ్చినయెడల, "నేను పగలు ఎవరిని తప్పించుకొనుచున్నాను?" అని మిమ్మును మీరే అడిగికొనుడి, ఏదైనా గట్టు జరిపియుంటే పార తీసికొనుడి. ఏమియు లేనియెడల నెమ్మదిగా పండుకొనుడి. ఆ కల వేరొకరికి వచ్చినయెడల ఆ ప్రశ్న వారిని అడుగకుడి. "నిన్నెవరైనా బాధపెట్టారా? ఏమైంది?" అని అడిగి, వారు చెప్పునంతవరకు వినుడి. నడిరాత్రి బిడ్డ ఉలికిపడి లేచి ఏడ్చినప్పుడు, "ప్రార్థన చేయకుండా పడుకున్నావు, అందుకే" అని గద్దింపకుడి. దీపము వేసి, ప్రక్కన కూర్చుండి, చేయి పట్టుకొనుడి.

ప్రార్థన: కునుకక నిద్రపోక మమ్మును కాపాడు తండ్రీ, మేము చేసినదానిని ఒప్పుకొనుటకు ధైర్యమును, మాకు జరిగినదానిని నీ చేతికి అప్పగించుటకు నెమ్మదిని దయచేయుము. నొచ్చినవారిని మరల నొప్పించిన మా మాటలను క్షమించుము. ఈ రాత్రి భయపడి మేల్కొనువారియొద్దకు మాలో ఎవరినైనను పంపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.